మన ఊరి పటం మన చేతులతో

  

ఉప్పల్, నాచారం వైపు హాస్టల్లో చిన్న తరగతుల పిల్లలకు పటాలు, గ్రాఫులు ఎలా నేర్పుతున్నామో చెప్పమన్నారు. ఇందులో మీకూ ఒక పని ఉంది. అది చివర్లో చెబుతాం.

మూడో తరగతి పిల్లకు మొదటే భారతదేశ పటం చూపిస్తే అది రంగుల బొమ్మే. అందుకే మేము పెట్టెతో మొదలుపెడతాం. బట్టలు పెట్టుకునే ఇనుప పెట్టెను నేల మీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీయమంటాం. పెట్టె తీసేస్తే మిగిలిన గీతే పటం. పైనుంచి చూస్తే వస్తువు ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత గది, వంటగది, నల్లా, గేటు. పొద్దు పొడిచే వైపు చూసి తూర్పు గుర్తు పెట్టిస్తాం.

ఆ తర్వాత వీధి. ఉప్పల్ రింగ్‌రోడ్డు మా పిల్లలకు బాగా తెలుసు. వరంగల్ బస్సు దిగేది అక్కడే. ఒక దారి వరంగల్‌కు, ఒకటి నాగోలు మీదుగా ఎల్బీనగర్‌కు, ఒకటి రామంతాపూర్‌కు, ఒకటి హబ్సిగూడకు. హబ్సిగూడ నుంచి ఒక కొమ్మ గీస్తే నాచారం. నాలుగు గీతలు పడగానే పిల్లలే అడుగుతారు: "మేడం, మరి మా తండా ఎటు?" కాగితం అంచున బాణం వేయించి, తండా పేరు రాయిస్తాం.

దూరానికి అంగలే కొలత. గేటు నుంచి నల్లా దాకా ఒకరికి 40 అంగలు, ఇంకొకరికి 52. ఇద్దరి లెక్కా నిజమే, అంగలే వేరు. అప్పుడు ముడులు వేసిన తాడు ఇస్తాం. ఒక ముడికి నోటుపుస్తకంలో ఒక గడి. స్కేలు అంటే అదే.

అంగల లెక్కను తక్కువగా చూడకండి. హిమాలయాల్లోని మిలం గ్రామానికి చెందిన నైన్ సింగ్ రావత్ భోటియా తెగవాడు, బడిపంతులు. భారత సర్వే సంస్థ తరఫున మారువేషంలో టిబెట్ వెళ్లి, 1866 జనవరిలో లాసా చేరాడు. 108 పూసల జపమాలకు బదులు 100 పూసల మాల పట్టుకుని, వంద అంగలకు ఒక పూస జరిపాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. అదే సర్వే సంస్థ శిక్షణ కేంద్రం మన ఉప్పల్‌లోనే ఉంది. మన పిల్లలు అందులో శిక్షణకు వెళ్లే రోజు రావాలి.

ఇక గ్రాఫు. నల్లా ఎన్ని గంటలు వస్తే అన్ని అగ్గిపెట్టెలు పేర్చమంటాం. వారానికి ఏడు దొంతరలు. ఏ రోజు దొంతర పొట్టిగా ఉందో చిన్న పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. బట్టలు ఎప్పుడు ఉతకాలో వాళ్లే తేల్చుకుంటారు. అవే దొంతరలను గళ్ల కాగితం మీద రంగులతో నింపితే గ్రాఫు.

ఇదంతా మార్కుల కోసం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం, ఊరి అటవీ హక్కుల కమిటీ ప్రతి దరఖాస్తు భూమికీ గుర్తులతో పటం తయారు చేయాలి. 13వ నిబంధన ప్రకారం గట్లు, బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, పెద్దలు చెప్పగా రాసుకున్న మాట కూడా సాక్ష్యాలే. ఒకటికి మించి చూపించాలి. ఆ గుర్తులన్నీ మన తాతలకు తెలుసు, కాగితం మీద మాత్రం లేవు. తాత పోతే గుర్తూ పోతుంది. జల్, జంగల్, జమీన్ అని నినదించే మనం, ఆ జమీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీసి చూపించగలగాలి.

మీ పని ఇదీ. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు నానమ్మనో తాతనో వెంటబెట్టుకుని తిరగండి. వాగు, గుట్ట, చెట్టు, పాత బావి గీయండి. పేర్లు లంబాడీలో, కోయలో, గోండిలో వాళ్లు పలికినట్టే రాయండి. తేదీ వేయండి, చెప్పినవాళ్ల పేరు రాయండి. ఒక నకలు ఊళ్లో ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఇక్కడ ఉన్నప్పుడు ఆదివారం ఒక గంట హాస్టల్‌కు రండి. సుద్దముక్కలు, తాడు, అగ్గిపెట్టెలు మేమిస్తాం. పిల్లలకు అన్నలు, అక్కలు కావాలి.