తొలి మోతాదు



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికై తుళ్లూరున కూడిన ఈ సభలో, ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరునకు లక్ష్యమెరిగి పనిచేయు కొత్త మందుల తొలిదశ ప్రయోగములను గూర్చి ప్రసంగింపబూనుటకు హేతువు కలదు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో సహచరులతో కూడి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మింపజేసిన ఆ మహనీయుని బృందము, వరుసగా మూడు గ్లూటమేటు భాగములు చేరిన దాని రూపాంతరమును బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యునికి అందింపగా, రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో అది వ్యాధిని తగ్గింపకపోగా వేగిరపరచినట్లు ఆయనకు తోచెను. ఆ ప్రతికూల ఫలితమే ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను ప్రయోగించుటకు దారి చూపినది. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికోపశమనము కలిగినదని 1948 జూన్‌లో ప్రకటితమైనది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఇక ప్రోస్టేటు సంగతి. ఆ క్యాన్సరు కణముల ఉపరితలమున విస్తారముగ కనబడు పి.ఎస్.ఎం.ఏ. అను మాంసకృత్తు, మొదట కేవలము వ్యాధిచిహ్నముగనే పరిగణింపబడి, 1996లో ఒక ఎంజైము అని తేలినది. అది చేయు పని యేమనగా, ఫోలిక్ ఆమ్లపు రూపమైన ఫోలేటునకు తగులుకొనియున్న గ్లూటమేటు భాగములను ఒక్కొక్కటిగ తెంచుట. సుబ్బారావుగారి బృందము ఏ గ్లూటమేటు కూర్పులను శ్రమించి నిర్మించెనో, వానినే తెంచు కత్తెర ఆయన మరణించిన అర్ధశతాబ్దమునకు ఈ వ్యాధి ముంగిటనే దొరకినదన్న మాట చదివినపుడెల్ల నాకు ఒడలు పులకరించును. ఆ కత్తెర నోట చిక్కుకొనునట్లు గ్లూటమేటును పొదిగిన చిన్న అణువును తీర్చి, దానికి లుటీషియం-177 అను రేడియోధార్మిక లోహమును తగిలించి నెత్తురులోనికి ఎక్కించినచో, అది ఎముకలకు పాకిన కణములను సైతము వెదకిపట్టి, రెండు మిల్లీమీటర్ల లోపలనే తన కిరణశక్తిని వెదజల్లును. మెల్బోర్ను నగరమున 30 మంది పురుషులపై జరిగి 2018లో ప్రకటితమైన తొలినాటి ప్రయోగములో 17 మందికి రక్తములో వ్యాధిసూచికయగు పి.ఎస్.ఏ. సగమునకు పైగా తగ్గినది. అయితే లాలాజలగ్రంథులు కూడ ఆ మందును పీల్చుకొనుటచే 26 మందికి నోరెండినది. తదుపరి 831 మందిపై జరిగిన పెద్ద ప్రయోగములో మందు పొందినవారి ఆయువు మధ్యస్థముగ 15.3 నెలలు, పొందనివారిది 11.3 నెలలు. నాలుగు నెలలు! అల్పమని కొందరందురు, మనుమరాలి పెండ్లికై ఎదురుచూచు తాతను అడిగి చూడవలెను.

తొలిదశ ప్రయోగము రోగిని అడుగు ప్రశ్న మాత్రము వేరు. మందు నయము చేయునా అనునది అచట ప్రధానము కాదు. ఎంత మోతాదును దేహము సహించునన్నదే ప్రధానము. పత్తికి పురుగుమందు కొట్టు రైతునకు, ఎంత కలిపిన పురుగు చచ్చునో, ఎంత మించిన ఆకు మాడునో తెలిసియుండుట ఎట్లో, ఇదియు అట్లే. ఇదే క్యాన్సరునకు వాడు ఎంజలూటమైడు అను మాత్రను 140 మందిపై పరీక్షించి 2010లో ఫలితములను ప్రకటించిన ప్రయోగములో రోజునకు 30 మిల్లీగ్రాములనుండి 600 వరకు హెచ్చించి చూచిరి. 360 మొదలు పైమోతాదులలో మూర్ఛలు కనబడెను. నేడు వైద్యులు వ్రాయునది 160. ఆ మూర్ఛలు వచ్చినవారెవరో మనమెరుగము. నేడు గుంటూరు మందుల దుకాణమున ఆ మాత్ర కొను ప్రతివాడును వారికి ఋణపడియున్నాడని నా దృఢవిశ్వాసము.

కావుననే, ఆ ఋణము తెలిసి ఇచ్చినదై యుండవలెను గాని తెలియనీయక గుంజుకొన్నదై యుండరాదు. మనకు దవ్వు కాని పిడుగురాళ్ల ప్రాంతపు పేదస్త్రీలను మధ్యవర్తులు డబ్బాశ చూపి హైదరాబాదునకు గొనిపోయి, వ్యాధి లేని వారి దేహములపై రొమ్ముక్యాన్సరు మందును పరీక్షింపజేసిరని 2011లో వెల్లడియైనపుడు, అధికారులు ఆ పరీక్ష జరిపిన సంస్థ అనుమతిని నిలిపివేసిరి. ఆ తల్లులు సంతకము చేసిన కాగితమున ఏమున్నదో వారికి విడమరచి చెప్పినవారు లేరు. శాస్త్రమునకు ఇంతకన్న పెద్ద అపకారమును శాస్త్రవిరోధియు చేయజాలడు.

మన దేశమున మందుల ప్రయోగములకై ఏర్పడిన 2019 నాటి నియమముల ప్రకారము అంగీకారపత్రము రోగికి తెలిసిన భాషలోనే ఉండవలెను. చదువు రానివానికి నిష్పక్షపాతియైన సాక్షి ఉండవలెను. ప్రయోగమువలన హాని కలిగినచో చికిత్సయు పరిహారమును ఈయవలెను. సూదిమందులు, మాత్రలు అన్నియు విఫలమై, ఎముకల నొప్పితో నగరమునకు పోయిన మన పెద్దాయన, “ఈ మందుతో నాకు తగ్గుద్దా డాక్టరుగారూ?” అని అడిగినపుడు, “తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు బాబాయిగారూ, ఎంత మోతాదు తట్టుకుంటారో ఇప్పుడు చూస్తున్నాం” అని కన్నులలోనికి చూచి పలుకు వైద్యుడు కావలెను. అటుపిమ్మట ఆయన సరే యన్నచో, ఆ సరే యనుమాటకు నేను శిరసు వంచెదను. పత్రపు నకలు ఇంటికి తెచ్చుకొని, దానిపై జాతీయ ప్రయోగ పట్టికలోని నమోదుసంఖ్యయు, ప్రయోగమును పర్యవేక్షించు నైతికసంఘము వారి ఫోను నంబరును ఉన్నవో లేవో చదువుకొన్న పిల్లలచేత చూపించుకొని, నాలుగు దినములు గడువడిగి, పిదప సంతకము చేయవచ్చును. చేసిన పిదప సైతము, ఏ దినమున వలదనిపించిన ఆ దినముననే, కారణము చెప్పనక్కర లేకుండ, చికిత్సాహక్కు పోగొట్టుకొనకుండ వైదొలగవచ్చును.