చందా – పాఠకుని హక్కు

(పట్టణ పఠనమందిరమున కూడిన పాఠకుల సభలో మేము చేసిన యుపన్యాసము)



నేడు మనమందరము ఒక చిన్న ప్రశ్నకై యిచ్చట కూడితిమి. మన సంఘము వారమువారము ప్రచురించి ఉచితముగ పంపుచున్న వార్తాలేఖకు ఇకమీదట చందా విధింపవలెనా? విధించినచో ఎవరివద్ద, ఏ విధమున గైకొనవలెను? ప్రశ్న చిన్నదే. కాని మన మిచ్చు ప్రత్యుత్తరమును బట్టి యా లేఖ బ్రదుకుటయో, ఆగుటయో, పేరు మాత్రము నిలిచి పరుల సొత్తగుటయో తేలగలదు. కాగితపు వెలయు, అచ్చుకూలియు, తపాలా ఖర్చును పెరుగుచున్నవి. ఇంతవరకు కొందరు మిత్రులు తమ సొంత ధనముతో లోటు పూడ్చిరి. ఇక వారికి శక్తి లేదు. ఇట్టి సమయమున ఒక ధనికుడు వ్యయమంతయు తానే భరింతునని కబురంపెను. ఆయన కోరిన దొక్కటే: తన వ్యాపారమునకు సంబంధించిన విషయములను అచ్చునకు పూర్వము తనకు చూపవలెనట.

మేము న్యాయవాదులము. కక్షిదారునివద్ద ఫీజు నడుగుటకు ఎన్నడును సంకోచింపని మేము, లేఖకు చందా యడుగవలసి వచ్చినప్పుడు నోరు మెదపలేకపోయితిమి. అన్నము నమ్మరాదు, విద్య నమ్మరాదు అను మాటలు వినుచు పెరిగినవారము. ఆ మాటలయందలి ధర్మమును మేము కాదనము. కాని అన్నసత్రమునకు మాన్యము లుండెను; వీథిబడి గురువునకు ఊరివారు గింజలు కొలిచిరి. వెల లేనంతమాత్రమున ఖర్చు లేదని యర్థము కాదు. ఆ ఖర్చు నెవరో యొకరు భరించుచునే యుండిరి. నేడు చేతిలోని ఫోనున క్షణక్షణము ఉచితముగ వచ్చిపడు వార్తలకును వెల చెల్లించువారు కలరు. ప్రకటనదారుడు ధనమిచ్చి మన చూపును, మన కాలమును కొనుచున్నాడు. కాబట్టి లేఖ ఉచితమా, కాదా యనునది అసలు ప్రశ్న కాదు. దాని ఖర్చు నెవరు భరింపవలెను, భరించినవారు దానిపై నేమి యధికారము పొందుదురు అనునదే ప్రశ్న.

ఈ చిక్కు మనకే క్రొత్తగా వచ్చినది కాదు. 1903లో దక్షిణాఫ్రికాయందలి డర్బను నగరమున ఇండియన్ ఒపీనియన్ పత్రిక వెలువడెను. నాడు బారిష్టరు వృత్తిలో నున్న మహాత్మా గాంధీ తమ యార్జన నందులో పోయుచు వచ్చిరి. ఒక దశలో నెలకు 75 పౌనులు పంపవలసి వచ్చెను. 1904లో పత్రికను ఫీనిక్సు క్షేత్రమునకు మార్చి, అచ్చట పనిచేయువారికి జాతిభేదము లేక నెలకు 3 పౌనుల జీవనవేతన మేర్పరచిరి. పిదప ప్రకటనలను, బయటివారి అచ్చుపనులను గూడ మానిరి. ప్రకటనలు పోయిన లోటును చందాదారుల యాదరము కొంత తీర్చెను. ఆ దేశమున చదువ నేర్చిన భారతీయుల సంఖ్య స్వల్పమైనను చందాదారులు మూడువేలకు పైబడిరి. ఆ పత్రిక తమకు ఆత్మనిగ్రహమున శిక్షణ యయ్యెననియు, పాఠకుల లేఖలు పత్రికాకర్త బాధ్యతను తమకు తెలిపినవనియు గాంధీజీయే తమ యాత్మకథలో చెప్పుకొనిరి. పత్రికకు ధనముకంటె ఈ యదుపే గొప్ప లాభమని మా నమ్మకము.

మన యాంధ్రదేశమున మరియొక మార్గమును చూచితిమి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజన వ్యాపారమును స్థాపించి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో మదరాసున దానిని దినపత్రిక గావించిరి. వ్యాపారమున వచ్చిన ధనము పత్రికకు అండ యయ్యెను. అది మహోపకారమే. కాని యచ్చట ధనదాతయు, దేశసేవకుడును ఒక్కరే. అట్టి పురుషులు తరమున కొక్కరు పుట్టుట యరుదు. అరుదైనదానిని నమ్ముకొని నిత్యకృత్యమును నడుపరాదు. మనకు కబురంపిన ధనికుడు పంతులుగారి వంటివాడు కాడని యాయన పెట్టిన నియమమే చాటుచున్నది.

వృత్తిరీత్యా ఒక మాట చెప్పెదము. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, ప్రతిఫలము లేని యొడంబడిక చెల్లదు. చట్టమున నున్న యీ సూత్రము లోకానుభవమున గూడ కలదు. దానముగ వచ్చిన గోవునకు పండ్లెంచరాదని సామెత. ఉచితముగ లేఖ నందుకొనినవాడు అందులో తప్పు కనిపించినను మొగమాటమున మిన్నకుండును. చందా యిచ్చినవాడు మాత్రము “నా పన్నుల సంగతి యేల వ్రాయలేదు? ఈ వార్త నేల దాచితిరి?” అని నిలదీయును. కావున చందా పాఠకునిపై భారము కాదు. అది యతని హక్కునకు మూల్యము.

“బీదవాని గతి యేమి?” అని యడుగుదురు. అడుగవలసినదే. చందా లేదని చదువరిని గుమ్మమువద్ద ఆపిన లేఖ మన ధ్యేయమునకే ద్రోహి. కాని యిది బీదవాని పేరు చెప్పి కలవాడు తప్పించుకొనుటకు సాకు కారాదు. మా సంగతియే వినుడు. చాల యేండ్లక్రిందట ఒక చిన్న పత్రిక మా యింటికి వచ్చుచుండెను. రెండేండ్లు వరుసగా చందా పంపమైతిమి. జ్ఞాపకపు కార్డులు వచ్చినవి. వానిని బల్లసొరుగున వేసితిమి. మాకు దారిద్ర్యము లేదు, పత్రికపై కినుక లేదు, వట్టి యలసత్వము. ఒక వారము పత్రిక రాలేదు. తరువాత నెన్నడును రాలేదు. అది నిలిచిపోయినందులకు సభలో విచారము ప్రకటించినవారిలో మేమును ఉంటిమి! ఆ సిగ్గు నేటికిని తీరలేదు.

కనుక మీ యెదుట ఈ పద్ధతి నుంచుచున్నాము. క్రొత్తవారికి మూడు సంచికలు నమూనాగా ఉచితముగ పంపుదము. పిదప సంవత్సరపు చందా ముందుగనే గైకొందము. ఏడాది ఖర్చును లెక్కించి, చెల్లింపగల పాఠకుల సంఖ్యచే భాగింపగా వచ్చినంతయే చందా, లాభము వలదు. పఠనమందిరములకు, పాఠశాలలకు ప్రతి యుచితము. ఒక ప్రతిని పదిమంది చదివిన మనకు నష్టము లేదు, కీర్తియే. ఇచ్చుకొనలేనివాడు ఒక కార్డు వ్రాసిన చాలును. కారణ మడుగరాదు, పేరు ప్రకటింపరాదు. అంటువ్యాధులు, వరదలు, గడువు తేదీలు మున్నగు ప్రజలు వెంటనే తెలిసికొనవలసిన విషయములను పఠనమందిరపు పలకపై అందరికొరకు వ్రాయింపవలెను. విరాళము గైకొనవచ్చును గాని, ఏ యొక్కరి విరాళమును ఏడాది ఖర్చులో పదవవంతును మించరాదు. దానికి నియమ మేదియు నుండరాదు. జమాఖర్చులు ప్రతి సంవత్సరము లేఖయందే యచ్చువేయవలెను. చందా యడిగినవాడు లెక్క చెప్పవలసినవాడు.

ఇట్లు చేసిన యెడల పాఠకులు కొందరు తగ్గుదురు. ఆ మాట దాచము. ఉచితముగ నందుకొని విప్పకయే పడవేయువారు తొలగుదురు. నిజముగ చదువువారును కొందరు తొలగుదురేమో. ఆ రెండవవారి యిండ్లకు మేము స్వయముగ పోయి మాటాడెదము. అప్పటికిని తగినంత ధనము చేరనియెడల పుటలు తగ్గింతము, పక్షమున కొకసారి ప్రచురింతము. అంతేగాని అచ్చునకు పూర్వము ఎవరికిని చూపబోము.

ధనికునికి మన ప్రత్యుత్తరము రేపు ప్రాతఃకాలమున పోవలెను. అది యేమో నిర్ణయింపవలసినవారు మీరు. చందా పుస్తకము ఈ బల్లపై నున్నది. మొదటి రసీదు మా పేర వ్రాయింపుడు. పూర్వపు బాకీ ఎట్లును తీరదు గాని, ఈసారియైన మేము ముందుగ చెల్లించెదము.