స్వరయంత్రమునకు క్రొత్త అంగము

హార్మోనియము పెట్టె మీకందఱకును పరిచితమైనదే. భజనలయందును నాటకములయందును దానిని వినియున్నారు. అందు తిత్తి గాలి నిచ్చును. ఆ గాలికి ఇత్తడి రీడులు కదలి స్వరములు పలుకును. అవి యన్నియు నొకే పెట్టెలో బిగింపబడి యుండుటచే, వాయించువాడు వాని కూర్పును మార్చుకొనజాలడు.

నేడు నేను మనవి చేయబోవు యంత్రము అట్టిది కాదు. దీనిని మాడ్యులర్ సింథసైజరు అందురు. ఇందు గాలికి మాఱుగా విద్యుత్తు పనిచేయును. నాదమును పుట్టించునది యొక పెట్టె. దాని కరకుదనమును వడపోయునది మఱియొకటి. హెచ్చుతగ్గులు చేయునది వేఱొకటి. వీనిని వాదకుడు తీగలతో తన యిచ్చవచ్చినట్లు కలుపుకొనును. ఈ పెట్టెలకే మాడ్యూళ్లని పేరు. అట్టి మాడ్యూళ్లను క్రొత్తగా కల్పించుట నాకు కొన్నేండ్లుగా వ్యాసంగము.

1964వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు రాబర్టు మోగ్ అను ఇంజనీరు, హెర్బర్టు డాయిచ్ అను సంగీతరచయితతో కూడి ఈ విధమైన యంత్రమును నిర్మించెను. ఇంచుమించు ఆ దినములలోనే కాలిఫోర్నియాలో డోనాల్డు బుక్లా తన పద్ధతిని వేఱుగా రూపొందించెను. మన దేశమునకును ఈ విద్య క్రొత్త కాదు. 1969లోనే అహమ్మదాబాదునందలి జాతీయ డిజైను సంస్థలో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మోగ్ యంత్రమును నెలకొల్పెను.

మోగ్ అనుసరించిన కట్టుబాటు మిక్కిలి సులభము. ఒక వోల్టు పెరిగినచో నాదము సరిగా నొక స్థాయి పెరుగవలయును. మంద్రషడ్జమునుండి మధ్యషడ్జమునకు ఒక వోల్టు. అచ్చటినుండి తారషడ్జమునకు మఱియొక వోల్టు. స్థాయికి పండ్రెండు స్వరస్థానములు గనుక ఒక్కొక్కదానికి వోల్టులో పండ్రెండవ పాలు. తరువాత 1995-96 ప్రాంతమున జర్మనీలో డీటర్ డోప్ఫర్ పెట్టె ఎత్తు 128.5 మిల్లీమీటర్లనియు, విద్యుత్తు ధనముగా 12, ఋణముగా 12 వోల్టులనియు నొక ప్రమాణము నెలకొల్పెను. నేడు నానాదేశములవారు ఆ కొలతకే మాడ్యూళ్లను చేయుచున్నారు. సంతలో ఒక్కొక్కని కుంచము ఒక్కొక్క కొలతగా నున్నచో బేరము సాగునా? ఇదియు నట్టిదే.

ఇక క్రొత్త మాడ్యూలు కల్పించువానికి వచ్చు చిక్కులు రెండు చెప్పెదను.

మొదటిది వేడిమి. వోల్టులు ఒక్కొక్కటిగా పెరుగుచుండగా నాదకంపనములు సెకనుకు 110, 220, 440 అని ఇనుమడించుచు పోవలయును. కూడికను ఇనుమడింపుగా మార్చు ఈ పనిని ట్రాన్సిస్టరు చేయును. కాని దాని గుణము వేడిమినిబట్టి మాఱును. డిగ్రీకి నూటిలో మూడవ వంతు పాలు మాత్రమే గదాయని తోచును. ఐనను పది డిగ్రీలు పెరిగినచో, ఆధారస్వరమునకు మూడు స్థాయిల పైనున్న షడ్జము ఒక స్వరస్థానమునకు మించి దిగి నిషాదములో కూర్చుండును! దీనికి మందు రెండు విధములు. జంట ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాను బిళ్లపై నుంచవలయును. వేడికి అంతే పాలు పెరుగునట్టి ప్రత్యేకమైన రెసిస్టరును వాని నంటునట్లు అమర్చవలయును. ఆ రెసిస్టరు వెల ఎక్కువ. దానిని మానినను చల్లని గదిలో బల్లపై యంత్రము చక్కగనే పలుకును. లోభమునకు చోటిచ్చునది ఇక్కడనే.

రెండవది పొరుగుమర్యాద. వాదకుడు తీగను పొరపాటున మఱియొక మాడ్యూలు నాదము వెలువడు రంధ్రమున గ్రుచ్చవచ్చును. అప్పుడు రెండును పెనుగులాడి చెడకుండుటకై వెలుపలి దారిలో 1,000 ఓముల రెసిస్టరు నుంచుట ఆచారము. కాని పొరుగు మాడ్యూలు లోపలి దారి 1,00,000 ఓములైనచో, ఈ రక్షణయే స్వరపు వోల్టులో నూటికొక పాలు హరించును. అయిదు స్థాయిలు దాటునప్పటికి అర స్వరస్థానమునకు పైగా లోపించును. కనుక యాంప్లిఫయరు తన లోపమును తానే దిద్దుకొను చుట్టులోపలనే ఆ రెసిస్టరు నుంచవలయును. అప్పుడు రక్షణయు దక్కును, శ్రుతియు దక్కును.

మఱి ఇన్ని కట్టుబాట్లలో క్రొత్తదనమునకు తావెక్కడ? అని మీరడుగవచ్చును. పెట్టె లోపల నంతయు తావే. నాదమును మడవవచ్చును, చీల్చవచ్చును, ఎన్నడు వినని ధ్వనిగా మార్చవచ్చును. ద్వారముకడ మాత్రము అందఱి కొలతకు లోబడవలయును. అందుచే నా మాడ్యూలును నా పెట్టెలతో మాత్రమే పరీక్షించి తృప్తిపడుట నాకు సమ్మతము కాదు. పరులు చేసినవానితో కలిపి, ఉదయపు చలిలో నొకమాఱు, మధ్యాహ్నపు టెండలో నొకమాఱు శ్రుతి చూచెదను.

ఏలయన, సభలో అపస్వరము వచ్చినచో శ్రోతలు వాదకునే నిందింతురు. పెట్టె చేసినవాడెవడో వారెఱుగరు. అతని అశ్రద్ధకు ఫలము పేదవిద్వాంసుడు అనుభవించును. నలుగురితో కలిసి పనిచేయవలసిన వస్తువును చేయువారందఱును, నాగలి చేయు వడ్రంగి మొదలుకొని, ఈ మాట మఱువకుందురుగాక యని కోరుచు, ఇంతటితో విరమించుచున్నాను.