సుబ్బారావుగారి ఇంటి పద్దు



మన పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారములు వెలయక పూర్వమే ఔషధ పరిశోధనలో ఖ్యాతి గాంచిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావుగారు (1895–1948). అన్న పురుషోత్తముగారు సంగ్రహణి వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధికి ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు వీరి బృందమే కృత్రిమముగా తయారుచేసెను. ఇంతవరకు అందరెరిగినదే.

మామగారు ధనసహాయము చేయగా ఆయన ఓడ యెక్కిరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే నిలిచిపోయిరి. తండ్రి కంటబడకయే పసికందు గతించెను. ఆయన మరల స్వదేశము చూడలేదు. ఆమె పాతికేండ్లు ఎదురుచూచిరి.

పద్దులు వ్రాయువాడను గనుక అడుగుచున్నాను: ఆ ఔషధముల ఖర్చు ఎవరి ఖాతాలో పడినది? ఆయనను నిందించుట నా ఉద్దేశము కాదు; బోదకాలు మందును ఆ ప్రయోగశాలదే. ఈ రజతోత్సవమున ఆయన పటమును గోడకెక్కించుచున్నాము. దాని క్రింద శేషగిరిగారి పేరును కూడ వ్రాయింపవలెనని నా మనవి.