సుగ్గికి పోయిన బిడ్డ

కర్నూలు జిల్లా పడమటి మండలములలో 'సుగ్గి' అను మాట యొకటి కలదు. కన్నడమున సుగ్గి యనగా పంటకోతల కాలము. కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతములవారు పనికై ఊరు విడిచి పోవుటకే ఆ పేరు పెట్టుకొన్నారు. మెట్టపంట ఇల్లు చేరిన పిమ్మట అచట కూలిపని దొరకదు. గుంటూరు, పల్నాడు ప్రాంతములలో మిరప పండు బారును. ఇంటికి తాళము వేసి, తట్టాబుట్టా సర్దుకొని, కుటుంబమునకు కుటుంబమే తరలిపోవును. ముసలివారు మాత్రము మిగులుదురు. కొన్ని ఇండ్లలో వారును మిగులరు.

బిడ్డయు వెంట పోవును. పేరు మాత్రము ఊరి బడి హాజరుపట్టీలోనే నిలిచియుండును. ఇచట పేరున్నది, బిడ్డ లేదు. అచట బిడ్డ యున్నది, పేరు లేదు. లెక్కలు తీయువారికి ఈ బిడ్డ రెండుచోట్లను కానరాదు.

చట్టమున లోపమున్నదని మేము తలపము. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల పిల్లలది. వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల విధి యని అందు వ్రాయబడియున్నది. వయస్సు రుజువు లేదనియు, బదిలీపత్రము రాలేదనియు చేర్చుకొనుట మానరాదు. అయినను మొదటి ప్రశ్నగా 'కాగితమేదీ?' అని అడుగు బడులు నేటికిని లేకపోలేదు.

కష్టమంతయు వెదకుటలో నున్నది. మిరపకోతకు తూకము మీద కూలి గట్టుదురు. కావున చిన్నచేతులు కోసినదియు కాటాలో బరువే. పగటివేళ పొలము గట్టున నిలిచి 'బడియీడు పిల్లలున్నారా?' అని యడిగినచో, లేరనియే జవాబు వచ్చును. కూలిపోవునను భయము వారిది, కేసు వచ్చునను భయము మేస్త్రీది. కాటా ముగిసి, గుడిసెలయొద్ద పొయ్యిలు రాజుకొను వేళకు మేము పోవుదుము. బడి మాట ఎత్తము. 'చంటిబిడ్డను పగలెవరు చూచుచున్నారు?' అని యడుగుదుము. అప్పుడు తొమ్మిదేండ్ల అక్క పేరు బయటపడును. ఆ చంటిబిడ్డకు అంగన్‌వాడీలో చోటు దొరకనిదే అక్క బడికి రాదు. వెదకబోయినది ఒకరినే యైనను, చేర్పింపవలసినది ఇద్దరిని.

సర్వశిక్షా అభియాన్ క్రింద ఇట్టి పిల్లలకై సొంత ఊళ్ళలోనే సీజనల్ హాస్టళ్ళు నడిపిరి. తల్లిదండ్రులు పోయినను బిడ్డ తన బడిలో, తన పంతులు కన్నుల యెదుటనే యుండును. మాకు ఈ పద్ధతియే మేలుగా తోచును. కాని తలుపులు సుగ్గికి ముందే తెరువవలెను. బండి కదలిన వారము తరువాత తెరచినచో, పోయిన బిడ్డ దానికై తిరిగి రాదు.

ఉగాది నాటికి కొందరు, ఎండలు ముదిరిన పిదప కొందరు ఊరు చేరుదురు. అప్పటికి బడి సంవత్సరము ముగింపునకు వచ్చియుండును. అందుచే మిరపచేల దగ్గరి బడిపంతుళ్ళను మేమొక్కటి కోరుచున్నాము. బిడ్డ పేరు, ఊరు, తరగతి, మీ బడికి వచ్చిన దినముల లెక్క ఒక కాగితముపై వ్రాసి, ముద్ర వేసి, తల్లి చేతికి ఇండు. కూలి డబ్బుతోపాటు కొంగున ముడివేసికొని ఆమె దానిని ఊరు చేర్చును.