సాగునేల కర్బన పటము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



గాదెను చూచిన రైతునకు రెండు ప్రశ్నలు తోచును: ఇప్పుడు ధాన్యమెంత ఉన్నది? ఇంకను ఎంత పట్టును? సాగునేలను గూర్చి శాస్త్రజ్ఞులు నేడు ఈ రెండు ప్రశ్నలే వేయుచున్నారు. అయితే వారు కొలుచునది ధాన్యము కాదు, కర్బనము.

మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఎండ సాయమున ఆకుగను వేరుగను మార్చుకొనును. ఆకు రాలి, వేరు చివికి, పెంట మాగి మన్నులో కలిసినపుడు ఆ కర్బనములో కొంత నేలయందు నిలుచును. తక్కినది సూక్ష్మజీవులకు ఆహారమై మరల గాలిలో కలియును. నిలిచిన భాగము వలన మన్ను గుల్లబారును, తడి ఆగును, పైరునకు బలము చేకూరును. బొగ్గుపులుసు వాయువు హెచ్చి భూమి వేడెక్కుచున్న ఈ కాలమున అది లోకమునకు కూడ మేలు.

ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరముల చేనిలో పై 30 సెంటీమీటర్ల మన్ను, ఘన సెంటీమీటరునకు 1.4 గ్రాముల చొప్పున, 4,200 టన్నులు తూగును. అందు కర్బనము నూటికి 0.5 వంతున్నచో 21 టన్నులు, 0.6 అయినచో 25 టన్నులు దాటును. కాగితముపై అది చిన్న భేదము. చేనిలో నాలుగు టన్నులు.

2017 డిసెంబరు 5న ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ నేలల కర్బన పటమును వెలువరించెను. అది మొదటి ప్రశ్నకు సమాధానము. రెండవ ప్రశ్నకై అనంతరము సాగునేలల నిలువశక్తి పటము తయారైనది. భూమిని కిలోమీటరు గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని బంకపాలు, వాన, వేడిమి, పైరు లెక్కకు తీసికొని, నేలకు చేరు ఆకు, దుబ్బు, ఎరువు నూటికి 5, 10, 20 వంతులు పెరిగినచో 20 ఏండ్లలో కర్బనమెంత హెచ్చునో అంచనా కట్టిరి. ఆ గణితపద్ధతి, 1843లో ప్రయోగములు ఆరంభమైన ఇంగ్లండునందలి రొథాంస్టెడ్ క్షేత్రమున పుట్టినది.

నేలలన్నిటికి ఒకే శక్తి లేదు. బంకమన్ను కర్బనమును అంటిపెట్టుకొని కాపాడును. ఇసుకపాలు హెచ్చైన చల్కలో అది త్వరగా తరిగిపోవును. ఉష్ణదేశములలో తడి తగిలినంతనే కుళ్లుట వేగమగును. అయినను నిరాశకు తావు లేదు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ క్షేత్రమున నల్లరేగడిపై 1976లో రెండు పద్ధతులు మొదలుపెట్టిరి. ఒకచోట పూర్వాచారము ననుసరించి వానకాలము బీడు విడిచి యాసంగి పైరు వేసిరి. మరియొకచోట ఎత్తుమళ్లు కట్టి, కంది వంటి పప్పుజాతి పైరులు కలిపి, తగిన ఎరువు వేసిరి. 24 ఏండ్లకు రెండవదానియందు హెక్టారునకు సుమారు 7 టన్నుల కర్బనము అధికముగా నిలిచినది.

అయితే పటములోని అంకె వాగ్దానము కాదు. ఒక గడియందు 247 ఎకరములుండును. చెరువు క్రింది మాగాణియు, మిట్టమీది చల్కయు అందు ఒకే రంగుగా కనబడును. నేల పట్టుటకు హద్దు కలదు. కొన్ని దశాబ్దులకు పెరుగుదల ఆగును. నిలిచినదైనను కొయ్యకాలు తగులబెట్టి, ఎరువు మానినచో మరల పోవును.

నేడు కర్బనమునకు వెలకట్టి రైతులతో ఒడంబడికలు చేసికొనువారు బయలుదేరిరి. తొలినాటి కొలత లేనిదే సంతకము చేసిన రైతు, పిమ్మట ఎంత పెరిగినదో ఏమి చూపి నిరూపించును? పటము దారి చూపును; సాక్ష్యము చెప్పవలసినది చేనిమన్ను.

2015 నుండి రైతులకిచ్చుచున్న భూసార పత్రములందు కర్బనపు అంకె కలదు, 0.5కు లోబడినచో తక్కువ, 0.75కు మించినచో ఎక్కువ. పెంటకుప్ప చెంతను, గట్టు ప్రక్కను, చెట్టునీడను విడిచి, చేనిలో పలుచోట్ల ఒకే లోతున తీసి కలిపిన మన్నే నిజము చెప్పును. ఆ పత్రములు ఇండ్లలో చినిగిపోవుచున్నవి. ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రపరచిన ఈ గ్రంథాలయమున, ఇచ్చగల రైతుల అంకెలు సర్వే నంబరు వారీగా, సంవత్సరముతో సహా వ్రాసియుంచు ఒక పుస్తకము చేరినచో, స్వర్ణోత్సవము నాటికి గ్రామము తన పటమును తానే వ్రాసికొనగలదు.