రోగనిర్ధారణలో పొరపాటు: దావాకు హేతువగునది ఎప్పుడు?

(శాఖా ప్రతినిధుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జీతములు, ప్రమోషన్లు, బదిలీలను గూర్చిన అర్జీల నడుమ మన కార్యాలయమునకు మరియొక తరహా అర్జీ వచ్చుచున్నది. "డాక్టరు జబ్బు కనిపెట్టలేదు, మా మనిషి పోయినాడు, కేసు వేయవచ్చునా?" అని అడుగుచున్నారు. అట్టివి రెండు ఒకే మాసమున మా యెదుటకు వచ్చినవి. ఒకరికి వేయుమని, రెండవవారికి వలదని చెప్పినాము. ఎందులకట్లు చెప్పినామో మీ ముందుంచుచున్నాము.

మొదటిది ఒక ట్రాక్‌మన్ కుటుంబమునది. రాత్రి డ్యూటీలో ఆయనకు ఛాతీనొప్పి వచ్చినది. చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికి ప్రాకగా తోటివారు ఆసుపత్రికి చేర్చినారు. ఈ లక్షణములన్నియు డాక్టరే ఓ.పి. చీటీపై వ్రాసినారు. అయినను ఇ.సి.జి. తీయలేదు, యంత్రము ప్రక్క గదిలోనే ఉన్నది. గ్యాస్ నొప్పి యని మాత్ర ఇచ్చి పంపివేసినారు. తెల్లవారకముందే ఆయన మరణించినాడు. గుండెపోటని పోస్టుమార్టములో తేలినది.

రెండవది ఒక పోస్ట్‌మన్ సోదరునిది. భార్యకు కడుపునొప్పి. డాక్టరు రక్తపరీక్షలు, స్కానింగు చేయించినారు, ఏమియు కనబడలేదు. రెండు వారములకు మరల రమ్మని, తగ్గకపోవుటచే పెద్ద ఆసుపత్రికి వ్రాసినారు. అక్కడ క్లోమగ్రంథి క్యాన్సరని తేలినది. నాలుగు మాసములలో ఆమె గతించినది.

రెండు ఇండ్లలోను దుఃఖము ఒక్కటే. కాని న్యాయస్థానము దుఃఖమును తూచదు. డాక్టరు చేసిన పనిని తూచును. జబ్బు తెలియకపోవుట మాత్రమే నిర్లక్ష్యము కాదు. అదే పరిస్థితిలో, అవే లక్షణములు చూచి, అవే సాధనములు చేతనున్న సామాన్య సమర్థుడైన డాక్టరు ఏమి చేసియుండునన్నది మొదటి ప్రశ్న. అది చేయకపోవుట వలననే నష్టము కలిగినదా అన్నది రెండవ ప్రశ్న. 2005లో జేకబ్ మాథ్యూ కేసున సుప్రీంకోర్టు, అంచనాలో పొరపాటు తనంత తాను నిర్లక్ష్యము కాజాలదనియు, క్రిమినల్ కేసునకు ఘోరమైన నిర్లక్ష్యము ఉండవలెననియు తీర్పు చెప్పినది.

ట్రాక్‌మన్ విషయమున ఆ లక్షణములకు ఇ.సి.జి. తీయుట ప్రథమ కర్తవ్యము. సకాలమున చికిత్స అందినచో బ్రదికెడివాడా అన్నది ఇంకను ఋజువు కావలెను. అయినను కేసునకు బలమున్నది. పోస్ట్‌మన్ భార్య విషయమున డాక్టరు చేయవలసినవి చేసినారు. ఆ క్యాన్సరు తొలిదశలో కనబడుట అరుదు.

నిపుణుని సాక్ష్యము లేనిదే గెలువలేమని కొందరు వెనుకాడుదురు. హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక కేసులో మలేరియా రోగికి టైఫాయిడ్ చికిత్స చేసినారన్నది ఫిర్యాదు. ప్రతి కేసులోను నిపుణుని సాక్ష్యము అవసరము కాదని 2010లో సుప్రీంకోర్టు పలికి, జిల్లా ఫోరము ఇప్పించిన రెండు లక్షల పరిహారమును పునరుద్ధరించినది. అయినను వేరొక డాక్టరు అభిప్రాయము వ్రాతలో ఉండుట మేలు.

"మనకు వైద్యము ఉచితము కదా, మనము వినియోగదారులమెట్లగుదుము?" అని మరికొందరి సందేహము. ఉద్యోగ షరతులలో భాగముగా యజమాని భరించు వైద్యము ఉచితము కాదని, ఉద్యోగియు అతని కుటుంబమును వినియోగదారులేనని 1995లో వి.పి. శాంత కేసున సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. అది మన జీతములో ఒక భాగమని మరువవలదు. అందరికిని పూర్తిగా ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి మాత్రము ఈ చట్టమునకు వెలుపలనుండును. దానిపై సివిలు కోర్టే మార్గము.

ప్రతినిధులు చేయవలసిన పనులు ఇవి. మొదట కాగితములు: ఓ.పి. చీటీ, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి కాగితము. వ్రాతమూలకముగా కోరినచో 72 గంటలలో రికార్డు ఇవ్వవలెనని 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి చెప్పుచున్నది. తరువాత కాలపరిమితి: 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద రెండు సంవత్సరములు. కర్మకాండలు, పింఛను కాగితములు, పిల్లల చదువుల నడుమ ఆ గడువు తెలియకయే దాటిపోవును. కనుక పరామర్శకు వెళ్ళిననాడే ఆ తేదీని వ్రాసికొనవలెను.

ట్రాక్‌మన్ భార్య ఫిర్యాదు దాఖలు చేసినది. తీర్పు ఇంకను రాలేదు. పోస్ట్‌మన్ సోదరుడు మా మాట విని, "మీరును డాక్టరు పక్షమేనా?" అని లేచి వెళ్ళిపోయినాడు. మూడు మాసములు కార్యాలయము గడప త్రొక్కలేదు. పిదప ఒకనాడు వచ్చి, "ఇంతకు ముందే తీసికొనిపోయియుంటే బ్రదికెడిదేమోయని నన్ను నేనే తిట్టుకొనుచుంటిని, డాక్టరుకే తెలియనిది నాకెట్లు తెలియును?" అని కంటతడి పెట్టినాడు. కాగితములన్నియు మరల అతని ముందు పరచి, తేదీ తేదీగా చదివి వినిపించినాము.

సోదరులారా, గెలువని కేసునకు ఆశ చూపి సభ్యుని అప్పులపాలు చేయుట సంఘ ధర్మము కాదు. గెలువదగిన కేసును భయముచే విడిచిపెట్టుటయు సంఘ ధర్మము కాదు. ఈ రెంటి నడుమ కాగితము చదివి నిజము చెప్పుటయే మన పని.